సీసాకూ ఒక వీసా

పొద్దున్నే బస్సెక్కి పొరుగుదేశపు వైనరీలు, అంటే వైన్ తయారుచేసే ద్రాక్షతోటలు, చూసి రాత్రికి ఇల్లు చేరే బృందాల గురించి లోకం చులకనగా మాట్లాడుతోంది. తాగడానికి అంత దూరం పోవాలా అని అడుగుతోంది. ఆ అపనిందను ఖండించడానికే ఈ వ్యాసం. వాళ్ళు చేసేది అధ్యయనం. తాగేవాడు గ్లాసు నింపమంటాడు. అధ్యయనం చేసేవాడు గ్లాసు కాడను మూడు వేళ్ళతో పట్టుకుని గిరగిరా తిప్పుతాడు. గాలి తగిలితే వాసనలు విచ్చుకుంటాయంటాడు. అది నిజమే. కాకపోతే మొదటి తోటలో సగం వాసనలు పక్కవాడి చొక్కా మీద విచ్చుకుంటాయి.

సరిహద్దు ఎందుకు దాటాలంటారా? అదే ద్రాక్ష కొండకు ఇవతలి వాలులోనూ పండవచ్చు. అయినా పాస్‌పోర్టు చూపించకుండా తాగింది గొంతు దిగుతుందే గానీ మనసుకెక్కదు. అవతలి గైడు గుప్పెడు మట్టి తీసి, "ఈ నేల రుచంతా మా సీసాలో ఉంటుంది" అంటే ఒళ్ళు పులకరిస్తుంది. 1860లలో ఫిలాక్సెరా అనే పురుగు అమెరికా నుంచి వచ్చి యూరప్ తోటలను తినేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి అక్కడి తీగల్లో చాలావాటిని ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతి వేళ్ళకే అంటు కడుతున్నారు. నేల పాతదే, పండు పాతదే, మధ్యలో వేరు మాత్రం వలస వచ్చింది. గైడు ఉపన్యాసం మధ్యలో ఈ మాట ఎత్తకండి, చెయ్యి చాచినా మీ గ్లాసులో పడేది తగ్గిపోతుంది.

వృత్తి నిపుణులు రుచి చూసి ఉమ్మేస్తారు. అందుకోసం బల్ల మీద తమ్మపడిగ లాంటి పాత్ర ఒకటి పెడతారు. బృందంలో సగంమంది దాన్ని పూలకుండీ అనుకుంటారు. అసలు సంగతి తెలిశాక, నేర్చుకున్నది ఉమ్మేయడమేమిటని మిగతా సగంమందీ మింగేస్తారు. ఒక్కో తోటలో 5 రకాలు, రకానికి 50 మిల్లీలీటర్లు పోశారనుకోండి. 3 తోటలకు లెక్క 750 మిల్లీలీటర్లు, అంటే తలకు సరిగ్గా ఒక సీసా. ఇంట్లో ఒక్కడూ కూర్చుని పట్టపగలు సీసా ఖాళీ చేస్తే చుట్టాలు సమావేశం పెడతారు. అదే పని 15 విడతల్లో, ముగ్గురు గైడ్ల పర్యవేక్షణలో జరిగితే ఫొటోలు పెడతారు.

పదసంపద పెరిగే తీరు కూడా గమనించాలి. మొదటి తోటలో అందరి నోటా వచ్చేది "బాగుంది" ఒక్కటే. రెండో తోటకొచ్చేసరికి చెర్రీ, పొగాకు, పాత తోలు తగులుతాయి. మూడో తోటలో ఒకాయన కళ్ళు మూసుకుని "వాన వెలిశాక తడిసిన రాయి" అంటాడు. రాయిని ఎప్పుడు నాకారని ఎవరూ అడగరు, అందరూ తలలూపుతారు. నాలుక పట్టేసినట్టుందని ఎవరైనా అంటే, అది తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే టానిన్ అని గైడు ఓ పది నిమిషాలు వివరిస్తాడు. మన భాషలో దాన్ని వగరు అంటారు. అంత చిన్నమాటతో పని జరిగితే టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటు కావు.

2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. గిట్టనివాళ్ళు ఇది చూపించి నవ్వుతారు. నాకైతే అందులో తప్పు కనిపించలేదు. కళ్ళు అంత కష్టపడి చదువుకున్నాక నాలుక ఇంకా ఎందుకు శ్రమపడాలి?

బస్సు డ్రైవరు చుక్క ముట్టడు. అందుకే ఎవరు ఏ తోటలో ఎన్ని పెట్టెలు కొన్నారో, ఎవరి కోటు ఎక్కడ మిగిలిపోయిందో అతనికే తెలుసు. అభిప్రాయం మాత్రం అతన్ని ఎవరూ అడగరు.

ఇక తిరుగు ప్రయాణం. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్యయితే సొంత వాడకానికి మనిషికి 90 లీటర్ల దాకా, అంటే 120 సీసాల దాకా, సాధారణంగా పెద్దగా నిలదీయరు. స్విట్జర్లాండ్‌లోకైతే 5 లీటర్ల వరకే సుంకం ఉండదు. అమెరికా వెళ్ళి 24 గంటల్లోపు వెనక్కొచ్చే కెనడా వాళ్ళకు ఒక్క సీసాకూ మినహాయింపు లేదు. ఈ అంకెలు పొద్దున అందరికీ కంఠతా వచ్చు. రాత్రి సరిహద్దు దగ్గర బస్సు ఆగేసరికి తడిసిన రాయి ఆయనతో సహా అందరూ మూగబోతారు.

కస్టమ్స్ అధికారి ఎక్కుతాడు. ఒక సీసా తీసి దీపం దగ్గర పెట్టి చూస్తాడు. చెర్రీ అనడు, తోలు అనడు. "750 మిల్లీలీటర్లు, 13 శాతం ఆల్కహాల్" అంటాడు. ఆ రోజు మొత్తంలో తప్పులేని వర్ణన అదొక్కటే. తర్వాత బస్సంతా కలయజూసి, "ఇన్ని పెట్టెలు ఎందుకు? అమ్మకానికా?" అని అడుగుతాడు.

"అయ్యో, కాదు సార్!" పొద్దుటి నుంచీ అధ్యయనం చేస్తున్న బృందం మొత్తం ఒక్క గొంతుతో అంటుంది. "తాగడానికే!"