సెల్ఫ్ పట్టని హరిత నౌక

గోదావరి మీద మా రేవులో పంటు, అంటే జనాన్నీ బళ్ళనీ దాటించే పడవ, ఇంజన్ ఆపరు. పొద్దున్న ఆరింటికి దాన్ని లేపారంటే రాత్రి ఆఖరి ట్రిప్పు దాకా మోగుతూనే ఉండాలి. గట్టు దగ్గర జనం కోసం, బళ్ళ కోసం, ఒక్కోసారి కొబ్బరికాయల ఆటో ఒక్కదాని కోసం నలభై నిమిషాలు ఆగుతారు. పంటు ఆగుతుంది గానీ ఇంజన్ మాత్రం డుగుడుగుమంటూ ఎవరికీ అక్కర్లేని కష్టం పడుతూనే ఉంటుంది. ఆ పొగ గాలివాటాన తిన్నగా వచ్చి ఆడవాళ్ళు, పిల్లలు కూర్చునే బల్ల మీద వాలుతుంది. "ఎందుకు బాబాయ్, కాసేపు ఆపొచ్చుగా" అని ఒకరోజు పంటు నడిపే సరంగుని అడిగాను. సంక్రాంతికొచ్చిన హైదరాబాదు అల్లుణ్ణి చూసినట్టు జాలిగా చూసి, "సెల్ఫ్ పట్టదండి" అన్నాడు.

ఆపితే మళ్ళీ స్టార్టవ్వదు, బ్యాటరీ వీకట. కొత్తది వెయ్యొచ్చుగా అంటే అది రేవుని వేలంలో పాడుకున్న పాటదారు చూసుకోవాలి. పాటదారు రేవు పాడుకున్నది ఏడాదికే, వచ్చే ఏడు పాట ఎవడికి దక్కుతుందో తెలీదు, ఎవడి సుఖానికో నేనెందుకు బ్యాటరీ కొనాలంటాడు. అంచేత వచ్చే ఏడు ఎవడో సుఖపడిపోతాడేమోనన్న భయంతో ఈ ఏడంతా తన ఆయిలే తగలేసుకుంటున్నాడు. ఇంతటి త్యాగం నేనింకెక్కడా చూళ్ళేదు.

మన దేశానికి ఈ విషయంలో విధానం లేదనుకునేరు, ఉంది. 'హరిత్ నౌక' అని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. నదుల్లో, కాలువల్లో తిరిగే ప్రయాణికుల పడవల్లో సగం పదేళ్ళలో హరిత ఇంధనాలకు మారాలి, 2045 కల్లా మొత్తం మారిపోవాలి. కోల్‌కతాలో ఒక నౌక మీదే సమావేశం పెట్టి మరీ విడుదల చేశారు. ఆ నౌక ఏం తాగి నడుస్తుందని అడక్కండి, శుభకార్యంలో అలాంటివి అడక్కూడదు. 2045 అంటే మా సరంగు బాబాయ్ రిటైరై, ఆయన కొడుకు కూడా రిటైర్మెంటుకి దగ్గరపడే టైము. అప్పటిదాకా ఇంజన్ ఆపక్కర్లేదు కాబట్టి సెల్ఫ్ గొడవా లేదు.

మొన్నామధ్య మా రేవుకి కూడా హరితం వచ్చింది. పడవల కాలుష్యం మీద అధ్యయనానికని ఏడు కార్లలో పెద్దలొచ్చారు. ఏడు కార్లూ గట్టు మీద ఏసీలు వేసుకుని వరసగా నిలబడ్డాయి. పంటుకి బంతిపూల దండలు కట్టారు, రెయిలింగుకి ఆ చివర్నించి ఈ చివరిదాకా ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో ముందు మా నాయకుడు నమస్కారం పెడుతున్నాడు, వెనకాల నీలం నీళ్ళు, మంచుకొండలు, తెల్లటి ఓడ. ఫ్లెక్సీ షాపు కుర్రాడు ఇంటర్నెట్‌లో 'ఎలక్ట్రిక్ పడవ' అని కొడితే నార్వే వచ్చిందట, దించేశాడు. నిప్పులు చెరిగే ఎండలో, రెండు కొబ్బరిచెట్ల మధ్య, మంచుకొండల ముందు మా నాయకుడు! సౌరశక్తి గురించి మాట్లాడ్డానికి మైకు కావాలి కదా, దానికి డీజిల్ జనరేటర్ తెచ్చి పంటు మీదే పెట్టారు.

పెద్ద సారు పంటు ఎక్కి, సరంగుని పిలిచి, "ఇది ఏ ఇంధనం మీద నడుస్తుంది?" అన్నారు.

"ఆయిలండి."

సారు మొహం వెలిగింది. కోనసీమ కదా. "అంటే, కొబ్బరినూనెతో చేసిన బయో..."

"ఆయ్, డీజిలండి."

సారు అది రాసుకున్నారు. ఇంతలో ఫొటోగ్రాఫర్ వచ్చి పొగ ఫ్రేములో పడుతోంది, ఇంజన్ ఆపించండి అన్నాడు. సరంగు మళ్ళీ తన మంత్రం చదివాడు. ఆపితే గనక సాయంత్రం దాకా సార్లంతా ఇక్కడే ఉండాలని కూడా వినయంగా విన్నవించాడు. అప్పుడు అందరూ కలిసి ఆలోచించి ఒక సాంకేతిక పరిష్కారం కనిపెట్టారు. పంటుని అటు తిప్పితే పొగ అవతలికి పోతుంది కదా! తిప్పారు. ఈలోగా గాలి మళ్ళింది, పొగ మళ్ళీ నాయకుడి మొహం మీదికే వచ్చింది. మళ్ళీ తిప్పారు. ఈసారి పొగ బాగానే ఉంది గానీ ఎండ ఎదురొచ్చింది, మంచుకొండలు సరిగ్గా పడట్లేదన్నాడు. కాలుష్యం తగ్గించే ఫొటో కోసం పంటు నడిగోదావరిలో గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది, దాని మీద మామూలు జనం కూడా ఉన్నారని ఎవరికీ గుర్తులేదు. జ్వరమొచ్చిన పిల్లని భుజాన వేసుకున్న తల్లి ఉంది, పరీక్షకెళ్ళే కుర్రాళ్ళున్నారు. గంటనుంచీ మైకులో హరితం హరితం అని వినీ వినీ చేపల తట్ట ముందు కూర్చున్నావిడకి ఒళ్ళు మండింది. "ఏవండీ, ఇంకాసేపు తిప్పేరంటే నా చేపలు కూడా హరితమైపోతాయండి" అని అరిచింది. ఆ రోజు రేవులో జరిగిన ప్రసంగాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆ ఫ్లెక్సీలో దేశం సంగతే చెప్తాను, పాపం అది ఎవరూ చెప్పలేదు. నార్వేలో లావిక్, ఒప్పెడాల్ అని రెండు ఒడ్లున్నాయి, మధ్య దూరం 5.7 కిలోమీటర్లు. 2015లో ఆ దారిలో 'ఆంపియర్' అని కార్లని కూడా ఎక్కించుకునే పడవ పూర్తిగా బ్యాటరీల మీదే తిరగడం మొదలుపెట్టింది. అక్కడ పల్లెల్లో కరెంటు లైను అంత గట్టిది కాదు, ఒక్కసారిగా అంత లోడు లాగితే ఊరు చీకటైపోతుంది. వాళ్ళేమీ మన కరెంటు ఇంతేలే అని వదిలెయ్యలేదు. రెండు ఒడ్లమీదా పెద్ద బ్యాటరీలు పెట్టి, అవి నెమ్మదిగా కరెంటు దాచుకునేట్టు, పడవ రాగానే పది నిమిషాల్లో దానికి ఇచ్చేసేట్టు కట్టారు. మన దగ్గర ఒడ్డున కాదు కదా, పడవలోనే బ్యాటరీ లేదు.

నార్వే డబ్బున్నవాళ్ళది అంటారా, కేరళకి పోదాం. వైక్కం నుంచి తవణక్కడవుకి సుమారు రెండున్నర కిలోమీటర్ల బ్యాక్‌వాటర్స్ దాటించడానికి 2017 జనవరి నుంచి 'ఆదిత్య' అనే సోలార్ పడవ తిరుగుతోంది, 75 మంది కూర్చోవచ్చు, నడిపేది అక్కడి జలరవాణా శాఖ. మనకన్నా ఎండ ఎక్కువేమీ కాదు, పైగా వాన ఎక్కువ. కొచ్చిలో 2023 ఏప్రిల్ నుంచి వాటర్ మెట్రో అని బ్యాటరీ పడవలు టైముకి వచ్చి టైముకి పోతున్నాయి, ఆ పడవలు కట్టింది మన దేశపు షిప్‌యార్డే. ఎండకి కొరతలేని గోదావరి జిల్లాల్లో మాత్రం ఎండ వడియాలకి, అప్పడాలకి తప్ప ఇంకెందుకూ పనికిరాదని తీర్మానించేశాం.

పోనీ సోలార్ వద్దు, ఈ డీజిల్ ఇంజనే ఉంచండి. అడుగున పట్టిన పాకుడు గీకితే ఆయిలు మిగులుతుంది. వంగిన పంకా (ప్రొపెల్లర్) మారిస్తే మిగులుతుంది. అన్నిటికన్నా తేలికది, కాస్త నెమ్మదిగా పోవడం. నీళ్ళలో లెక్క రోడ్డు మీద లెక్కలా ఉండదు, వేగం పదో వంతు తగ్గిస్తే చాలు, ఇంజన్ మీద పడే భారం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. మా పంటు ఏం చేస్తుందంటే, గట్టున నలభై నిమిషాలు నిలబడి, తర్వాత ఫుల్లుగా రేసిచ్చి, నల్లపొగ కక్కుకుంటూ అవతలి ఒడ్డుకి రెండు నిమిషాలు ముందు చేరుస్తుంది.

ఫొటో రోజున అందరికీ లైఫ్ జాకెట్లు వేశారు. కొత్తవి, ఇంకా కవర్లు కూడా తియ్యలేదు. సార్లు వెళ్ళగానే విప్పించి పెట్టెలో పెట్టి తాళం వేశారు, పాడైపోతాయట. 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగింది. 2018 మేలో దేవీపట్నం దగ్గర లాంచీ మునిగింది. అదే ఏడు జూలైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ, ఇంకా కడుతూ ఉన్న వంతెన పునాదికే కొట్టుకుని తిరగబడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. ఆ బోటుని పైకి తియ్యడానికే నెల దాటింది. ప్రతిసారీ నాలుగు రోజులు పడవలు ఆపడం, కమిటీ వెయ్యడం, మళ్ళీ అదే రేవు, అదే పాట. సెల్ఫ్ పట్టని ఇంజన్ వల్ల పొగొక్కటే వస్తుందనుకుంటున్నారా? వరద రోజుల్లో నడిగోదావరిలో అది ఆగిపోతే, మళ్ళీ పట్టకపోతే, పంటు ఎటు కొట్టుకుపోతుందో ఏ సారుకైనా తెలుసా? సరంగు ఇంజన్ ఆపనిది బద్ధకంతో కాదు, భయంతో. ఆ భయం ఖరీదు ఒక్క బ్యాటరీ. ఏడు కార్ల ఏసీలకి ఆ పూట తగలేసిన ఆయిలు డబ్బులు ఇటు పడేసి ఉంటే సగం వచ్చేసేది. నది మధ్య లంకల్లో జనానికి ఇంకో దారి లేదు గనక, బడికీ ఆసుపత్రికీ ఇదే ఎక్కి తీరాలి గనక, వాళ్ళు ఏ పొగైనా పీలుస్తారు, ఏ పడవైనా ఎక్కుతారు అన్న ధీమా మీది. సిగ్గుండాలి.

మొన్న మళ్ళీ వెళ్ళాను. ఇంజన్ మోగుతూనే ఉంది. ఫ్లెక్సీ మాత్రం రెయిలింగు మీద లేదు. సరంగు బాబాయ్ దాన్ని రెండుగా మడిచి, పొగగొట్టానికీ ఆడవాళ్ళ బల్లకీ మధ్య తాడుతో తడికలా కట్టాడు. పొగ దానికి కొట్టుకుని పైకి పోతోంది, ఇటు రావడం చాలావరకు తగ్గింది. చేపలావిడ ఆ పక్కనే కూర్చుని తీరిగ్గా తమలపాకు నములుతోంది. మంచుకొండలు మాత్రం అప్పుడే నల్లబడిపోయాయి.