ఆదివారం సెలవు లేని ఊళ్లో క్రికెట్

తిరుపతిలో ఆదివారం పొద్దున ఆరున్నరకి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వైపో, యూనివర్సిటీ వైపో ఒకసారి వెళ్లి చూడండి. ఒకే మైదానంలో నాలుగైదు మ్యాచ్‌లు నడుస్తుంటాయి, ఒక టీమ్ లాంగాన్ ఫీల్డర్ ఇంకో టీమ్ కీపర్ వెనకాల నిలబడి ఉంటాడు, ఏ బంతి ఎవరిదో వాళ్లకే తెలియాలి. ఆడేవాళ్లలో ఎక్కువమంది పాతికలోపు కుర్రాళ్లే. నలభై దాటినవాళ్లూ ఉంటారు గానీ వాళ్లు గ్రౌండ్ చుట్టూ వాకింగ్ చేస్తుంటారు. ఆ వయసులో బ్యాట్ పట్టినవాళ్లు ఒకరిద్దరు తగిలితే ఏం చేస్తుంటారని అడగండి. టీచరు, బ్యాంకు, టీటీడీ, లాయరు... దాదాపు ఇవే జవాబులు. చిన్నప్పుడు వీళ్లతోపాటు అదే వీధిలో ఆడి, కొందరైతే వీళ్లకంటే బాగా ఆడి, ఇప్పుడు కొండకి జీపు తోలుతున్నవాడో, లాడ్జిలో రూములు సర్దుతున్నవాడో, గాంధీ రోడ్డులో షాపు చూసుకుంటున్నవాడో మాత్రం అక్కడ కనిపించడు.

వయసైపోయింది కాబట్టి ఆట మానేశాడని అందరం తేలిగ్గా అనేస్తాం. నాకైతే నమ్మబుద్ధి కాదు. మన ఊళ్లల్లో ముప్పై దాటాక ఎవరు ఆడాలో ఎవరు మానెయ్యాలో మోకాళ్లకంటే ముందు ఉద్యోగమే తేల్చేస్తోంది. జేబులో ఐడీ కార్డు, వారానికో సెలవు ఉన్నవాడు యాభైలో కూడా ఆడుతున్నాడు. ఆ రెండూ లేనివాడు పెళ్లయిన ఏడాదికే బ్యాట్ అటకెక్కిస్తున్నాడు.

మొదట్లో ఈ తేడా ఉండదు. కొర్లగుంట సందులోనైనా, బైరాగిపట్టెడలోనైనా, చిత్తూరులో ఏ వీధి మలుపులోనైనా గోడ మీద బొగ్గుతో గీసిన మూడు గీతలే స్టంపులు. బ్యాట్ లేకపోతే కొబ్బరి మట్ట. గల్లీ క్రికెట్ రూల్స్‌ని మనం నవ్వుకోవడానికి చెప్పుకుంటాం గానీ, కాస్త ఆగి చూస్తే వాటిలో చాలావరకు ఎవరో ఒకరిని ఆటలో ఉంచడానికి పుట్టినవే. పిల్లలు బేసి సంఖ్యలో వస్తే ఒకడు జోకరు, రెండు పక్కలా బ్యాటింగ్ చేస్తాడు. ఆరు బంతులు తిన్నగా వెయ్యలేనివాడికి మూడు బంతుల బేబీ ఓవరు. వచ్చీరాగానే ఔటైతే మొహం మాడ్చుకుంటాడని ట్రయల్ బాల్. గోడ దాటితే ఔటు, కాబట్టి కండబలం ఉన్నవాడు ఊరికే ఎగరెయ్యడానికి లేదు. మరీ చిన్నోడు ఆటలో అరటిపండు, వాడికీ బ్యాటింగ్ ఇస్తారు, ఔటు మాత్రం లెక్కలోకి రాదు. బ్యాట్ తెచ్చినవాడిదే ఫస్ట్ బ్యాటింగ్ అనే అన్యాయం ఒకటుంది, ఉండనీ, పెట్టుబడి పెట్టినవాడి మాట ఎక్కడ చెల్లలేదు గనక!

పదిహేను పదహారేళ్లొచ్చేసరికి ఇదంతా తిరగబడుతుంది. లెదర్ బాల్ వస్తుంది, దాంతోపాటు ప్యాడ్లు, గ్లోవ్స్, కోచింగ్ ఫీజు, జిల్లా సెలెక్షన్ల టెన్షన్. జిల్లా టీమ్ మీద జోను, జోను మీద స్టేట్ టీమ్. స్టేట్‌లో అండర్-16కి విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19కి కూచ్ బెహార్, అండర్-23కి సీకే నాయుడు ట్రోఫీ. ఈ మెట్లన్నీ ఎక్కేవాళ్లు జిల్లాకి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. అందులో తప్పేం లేదు, సెలెక్షన్ అంటేనే అది. కానీ మిగిలిన వేలమందిని ఫెయిలైన బ్యాచ్ కింద జమకట్టేసి, ఇంక నీకు క్రికెట్టెందుకురా, చదువుకో, పని చూసుకో అంటాం చూడండి, అక్కడొచ్చింది గొడవ.

ఆ అండర్-23 ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో ఆయన సంగతి వింటే నవ్వొస్తుంది. కొఠారి కనకయ్య నాయుడు తెలుగు కుటుంబంలో పుట్టినవారు, 1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకి కెప్టెన్. 1895లో పుట్టిన ఈయన 1956-57 సీజన్‌లో కూడా రంజీ ఆడారు. అంటే అరవై దాటాక! అలాంటాయన పేరు బోర్డు మీద రాసి ఇరవై మూడేళ్లకే గేటు వేసేశాం.

సెలెక్షన్ గోల అక్కర్లేనివాళ్లకి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు ఉన్నాయి కదా అని మీరనొచ్చు. ఉన్నాయి, కావలసినన్ని. సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి, నాయకుల పుట్టినరోజులకి ఫ్లెక్సీలు కట్టి మరీ పెడతారు. నగరి, పుత్తూరు వైపైతే తిరుత్తణి నుంచి కూడా టీములు దిగుతాయి. ప్రైజ్ మనీ తక్కువున్నంతకాలం బాగానే ఉంటుంది. అది పెరిగేకొద్దీ వీధి టీమ్ తన వీధివాళ్లతో ఆడడం మానేస్తుంది. బయటినుంచి ఇద్దరు ఫాస్ట్ బౌలర్లని, ఒక హిట్టర్ని రానుపోను చార్జీలు, మ్యాచ్‌కి ఇంత అని మాట్లాడుకుని దించుతారు. ఆ హిట్టర్ వెనక తొలిచేసిన స్కూప్ బ్యాట్ తెచ్చుకుంటాడు, మొదటి బంతినే చింతచెట్టు మీదుగా పంపిస్తాడు, జనం ఈలలు. బాగుంటుంది, కాదనను. కానీ పదేళ్లుగా ఆ టీమ్‌ని నడిపిన ముప్పై ఐదేళ్ల అన్న ఏం చేస్తుంటాడంటే, ఎంట్రీ ఫీజులో అందరికంటే ఎక్కువ వాటా వేసుకుంటాడు, వాటర్ క్యాన్ మోసుకొస్తాడు, ఫోన్‌లో క్రిక్‌హీరోస్ అనే స్కోర్ల యాప్ తెరిచి స్కోరు ఎక్కిస్తాడు, మైకు దొరికితే కామెంటరీ చెబుతాడు. పదకొండుమందిలో పేరుండదు. 'అన్నా, సెమీస్ గదా, ఈ ఒక్క మ్యాచ్‌కి నువ్వు రెస్ట్ తీసుకోన్నా' అంటారు, మర్యాదగానే అంటారు. ఆ రెస్టు ఇక ఎప్పటికీ అయిపోదు. 2024 నుంచి టెన్నిస్ బాల్‌కి కూడా ఐఎస్‌పీఎల్ అని టీవీ లీగ్ వచ్చింది కాబట్టి ఇక్కడా సెలెక్షన్ ఆశలు మొదలయ్యాయి. మామూలు ఆటగాడికి మిగిలిన చివరి చోటు కూడా మెట్లదారి అయిపోతోంది.

తిరుపతికి మాత్రమే ఉన్న చిక్కు ఇంకోటుంది. మామూలు ఊళ్లల్లో క్రికెట్ అంటే ఆదివారం, ఎండాకాలం సెలవులు, దసరా. ఇక్కడ శని, ఆదివారాలే అసలు రద్దీ. ఎండాకాలం సెలవుల్లో లాడ్జీలు కిటకిట, బ్రహ్మోత్సవాలప్పుడు సరేసరి, తమిళుల పెరటాసి నెల శనివారాలకి తమిళనాడు నుంచి బస్సుల మీద బస్సులు, వైకుంఠ ఏకాదశికీ జనవరి ఒకటికీ నిద్రే ఉండదు. దేశమంతా సెలవు పెట్టినప్పుడు ఈ ఊరు డ్యూటీ ఎక్కుతుంది. చెన్నైలో ఉండేవాడు వారమంతా పనిచేసి ఆదివారం మ్యాచ్ పెట్టుకుంటాడు, లేదంటే అదే ఆదివారం పెళ్లాం పిల్లలతో దర్శనానికి ఇక్కడికొస్తాడు, వాళ్లని అలిపిరి దాటించి కొండెక్కించే డ్రైవరు తన మ్యాచ్ మానుకుంటాడు. ఇడ్లీ బండివాడిది, పూల కొట్టువాడిది, రిసెప్షన్‌లో కూర్చునే కుర్రాడిది, అందరిదీ అదే కథ. వీళ్లకి ఖాళీ దొరికేది మంగళవారమో బుధవారమో. ఆ రోజు గ్రౌండ్‌కి పోతే పదకొండుమంది కాదు కదా, బంతి వెయ్యడానికి ఒక్కడు దొరకడు.

ఉద్యోగస్తుల సంగతి వేరు. టీటీడీ తన ఉద్యోగులకి ఆటల పోటీలు పెడుతుంది, రెవెన్యూవాళ్లు, పోలీసులు, లాయర్లు, డాక్టర్లు ఎవరి కప్పు వాళ్లు ఆడుకుంటారు. మంచిదే, నాకేం అసూయ లేదు. (కొంచెం ఉంది.) ఆ గేటు దగ్గర అడిగేది నువ్వెక్కడ పనిచేస్తావని మాత్రమే. మొన్నటి ప్రభుత్వం 2023 డిసెంబర్ 26న మొదలుపెట్టిన 'ఆడుదాం ఆంధ్రా' ఆటల పోటీల్లో పదిహేనేళ్లు దాటిన ఎవరైనా పేరివ్వొచ్చన్నారు, ఐదు ఆటల్లో క్రికెట్ ఒకటి. కాగితం మీద నలభై ఐదేళ్ల ఆటో డ్రైవర్‌కీ చోటుండేది. కాకపోతే తన వార్డు సచివాలయం టీమ్‌లో ఆ చోటు కోసం పంతొమ్మిదేళ్ల కుర్రాడితో పోటీ పడాల్సొచ్చేది. గెలుస్తాడా చెప్పండి.

చిత్తూరు పల్లెల్లో ఈ విషయంలో ఇంకా కొంత నయం. బెంగళూరు, చెన్నైల్లో ఉద్యోగాలు చేసేవాళ్లంతా భోగికి ఊరు చేరతారు. పశువుల పండుగ హడావుడి సద్దుమణిగాక బీడు మడిలో గడ్డి చెక్కి, పెళ్లయినోళ్లకీ పెళ్లికానోళ్లకీ మ్యాచ్ పెడతారు. ఆ మ్యాచ్‌కి బయటి ప్లేయర్ని ఎవడూ తేడు, తెస్తే పరువుపోతుంది. పంచె ఎగ్గట్టినవాడు ఓపెనింగ్ దిగుతాడు, కొత్తల్లుడిని ఏ టీమ్‌లో వెయ్యాలని అరగంట తగువు, అల్లుడు డకౌటైతే అంపైర్ నోబాల్ ఇస్తాడు. ఇందులో ప్రైజ్ మనీ లేదు, ఐడీ కార్డు లేదు. వచ్చిన చిక్కల్లా అది ఏడాదికొకటే మ్యాచ్. పదకొండు నెలలు కుర్చీలో కూర్చుని కనుమనాడు ఒక్కసారిగా రన్నప్ తీసుకుంటే పిక్క పట్టెయ్యక ఏమవుతుంది? పండగ మర్నాడు కుంటుకుంటూ బస్సెక్కేవాళ్లని చూసి, వయసైపోయిందిరా అని నవ్వుతారు. అలవాటు తప్పడమూ వయసైపోవడమూ ఒకటి కాదు.

శరీరం సంగతి అసలు లేదనడం లేదు. నలభై దాటాక కంటికి బంతి కాస్త ఆలస్యంగా అందుతుంది, పరుగు మధ్యలో తొడ కండరం పట్టేస్తుంది, బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఎండలో దిగకూడదు. కానీ వీటికి తగ్గట్టు ఆటని మార్చుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. లెదర్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. మామూలు టెన్నిస్ బంతి 56 నుంచి 59, అంటే మూడో వంతుకి కాస్త ఎక్కువ. వేలికి తగిలినా ఫ్రాక్చర్ భయం తక్కువ. దెబ్బ తగిలిన బ్యాటర్ బదులు పరిగెత్తే రన్నర్‌ని ఐసీసీ 2011 అక్టోబర్ నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో తీసేసింది గానీ మన గల్లీల్లో బైరన్నర్ ఇంకా బతికే ఉన్నాడు, మోకాలి నొప్పి ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? మూడు బంతుల బేబీ ఓవరు భుజానికి ఎంత మేలో బౌలింగ్ వేసే నలభై ఐదేళ్లవాడిని అడగండి. పదేళ్ల పిల్లలు ఎవరూ చెప్పకుండా కనిపెట్టుకున్న రూల్స్ యాభై ఏళ్లవాళ్లకి అచ్చంగా సరిపోతాయి. బయటి దేశాల్లో దీన్ని సీరియస్‌గానే తీసుకున్నారు, 2018లో సిడ్నీలో యాభై దాటినవాళ్లకి ప్రపంచకప్పే జరిగింది. మన దగ్గర యాభై ఏళ్లాయన గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు నడిస్తే ఆరోగ్యం మీద శ్రద్ధ, అదే గ్రౌండ్ మధ్యలో బ్యాట్ పట్టుకుంటే పిల్లచేష్టలు.

ఆడపిల్లల దగ్గరికొస్తే ఈ వ్యాసం మొత్తం తిరగరాయాలి. మగవాడి ఆట ముప్పైలో ఆగితే ఆడపిల్ల ఆట పదకొండు పన్నెండేళ్లకే ఆగిపోతుంది, వీధిలో ఆడింది చాలు లోపలికి రా అని ఎవరో ఒకరు పిలుస్తారు. పక్కనున్న కడప జిల్లా పల్లె నుంచి వెళ్లిన శ్రీచరణి 2025 నవంబర్ 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది, ఊరూరా సంబరం చేసుకున్నాం. ఆ సంబరం అకాడమీల దాకా వెళ్తుందేమో గానీ, నలభై ఏళ్ల ఇల్లాలు పొద్దున పూట సరదాగా నాలుగు ఓవర్లు ఆడే రోజు గురించి ఎవరూ మాట కూడా ఎత్తడం లేదు.

మైదానాల మాటకొస్తే మనవాళ్లు వెంటనే స్టేడియం అడుగుతారు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ జరిగింది, మనకేం తక్కువ అంటారు. నాకు స్టేడియం అక్కర్లేదు. ఊళ్లో ఉన్న ఖాళీ నేలని సభలకీ ఎగ్జిబిషన్లకీ ఇచ్చాక షామియానా గుంజల గుంతలు పూడిస్తే చాలు. ఏ మైదానమని పేరు పెట్టి చెప్పను గానీ, ఒకచోట పిచ్ మీదే పాతిన గుంజ తాలూకు గుంతలో కాలు మడతపడి నేను నెలరోజులు మంచం మీదున్నాను. ఇక కొత్తగా వచ్చిన టర్ఫులున్నాయి, చుట్టూ వల, ఫ్లడ్ లైట్లు, గంటకింత అద్దె. చాలామంది తిడతారు గానీ నాకు తిట్టబుద్ధి కాదు, రాత్రి పదకొండుకి షిఫ్టు దిగినవాడికి తెరిచి ఉండే మైదానం అదొక్కటే. కాకపోతే ఆ గంట అద్దెలో తన వాటా కట్టడానికి లాడ్జి కుర్రాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

కాబట్టి వార్డుకో కప్పు పెట్టండి, మంగళవారమో బుధవారమో, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, బడి పిల్లలు వచ్చేలోపు. నలభై దాటినవాళ్లు మాత్రమే, ఆధార్‌లో ఆ వార్డు అడ్రస్ ఉన్నవాళ్లే. టెన్నిస్ బాల్, ఎనిమిది ఓవర్లు, అందరూ బౌలింగ్ వెయ్యాల్సిందే, చేతకాకపోతే బేబీ ఓవర్. బైరన్నర్ ఉంటాడు. గెలిచినవాళ్లకి డబ్బు వద్దు, ఓడినవాళ్లు టిఫిన్ పెట్టిస్తారు. ఆడవాళ్లు టీమ్ కట్టుకుని వస్తే వాళ్లకి ఇంకో రోజు. ఖర్చంటారా, రెండు జతల స్టంపులు, అరడజను బంతులు, గీతలకి ఒక సంచి ముగ్గుపిండి. అవి కుర్రాళ్లని అడిగితే ఎలాగో వసూలు చేసి తెస్తారు. కార్పొరేషన్‌వాళ్లు ముందురోజు సాయంత్రం హైస్కూలు వాచ్‌మన్‌కి ఫోన్ చేసి గేటు తాళం తియ్యమని చెబితే సరిపోతుంది.