పుట్టికెన్ని ఫ్రేములు?

ముందే ఒక మాట చెప్పాలి. నేను కళలకు వ్యతిరేకిని కాను. నెల్లూరులో ముప్పై ఏళ్ళుగా రైస్ మిల్లు గుమాస్తాగా ఉన్నవాడికి కళలతో శత్రుత్వం పెట్టుకునే తీరిక ఉండదు. నా గొడవల్లా లెక్కల దగ్గరే. మా వైపు వడ్లను పుట్లలో కొలుస్తాం. పుట్టికి 850 కిలోలు. ఎన్ని పుట్లు పోస్తే బియ్యమెంత, తవుడెంత, నూకెంత అన్నది నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మావాడు యానిమేషన్, వీడియో ప్రొడక్షన్ కోర్సులో చేరాక, ఏం పోస్తే ఏం వస్తుందో తెలియని మిల్లొకటి మా ఇంట్లోనే వెలిసింది.

ఫీజు కట్టిన మొదటి నెలాఖర్న "ఏం నేర్చుకున్నావు నాయనా?" అని అడిగాను. లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ఒక బంతి పైనుంచి పడింది. ఎగిరింది. మళ్ళీ పడింది. ఆగింది. అంతే. ఇదే బంతిని వీడు మూలాపేట వీధిలో ఎనిమిదేళ్ళు ఎవరూ నేర్పకుండానే ఎగరేశాడు. అప్పుడు పగిలిన కిటికీ అద్దాలకు డబ్బు కట్టింది నేనే, ఇప్పుడు ఫీజు కడుతున్నదీ నేనే.

తర్వాత రెండో బంతి వచ్చింది. "ఇది రబ్బరు, ఇది ఇనుము, చూడు నాన్నా" అన్నాడు. రెండూ గుండ్రంగానే ఉన్నాయి, రెండిటికీ ఒకటే రంగు. బరువు బొమ్మలో ఉండదట. ఎంతసేపట్లో పడింది, పడ్డాక ఎంత ఎత్తు లేచింది, అందులో ఉంటుందట. కాటా లేకుండా బరువు చూపించే విద్య! తూనికలు కొలతల శాఖవారు ఇంతవరకు దీనిమీద దృష్టి పెట్టకపోవడం ఆశ్చర్యం.

ఈ విద్యకు పన్నెండు సూత్రాలున్నాయి. డిస్నీలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు 1981లో వాటిని పుస్తకంలో పెట్టారు. మొదటిది స్క్వాష్ అండ్ స్ట్రెచ్. బంతి నేలకు తగిలితే అణగాలి, లేచేటప్పుడు సాగాలి, కానీ లోపలి సరుకు మాత్రం పెరగకూడదు, తరగకూడదు. ఈ ఒక్క సూత్రం నాకు బాగా నచ్చింది. బియ్యం వ్యాపారంలో దీన్ని పాటించేవాళ్ళు తక్కువ.

ఇక దిగుబడి సంగతి. సెకనుకు 24 బొమ్మలు, వాటినే ఫ్రేములంటారు. పది సెకన్ల ప్రాజెక్టుకు 240. ఒక్కో ఫ్రేము తయారవడానికి మా కంప్యూటరుకు మూడు నిమిషాలు. వెరసి పన్నెండు గంటలు. దీన్ని రెండరింగ్ అంటారు. రోహిణి కార్తెలో, మాకున్న ఒక్క ఏసీ కింద కంప్యూటర్ పడుకుంది, మేం డాబా మీద పడుకున్నాం. తెల్లవారుజామున, 211వ ఫ్రేము దగ్గర కరెంటు పోయింది. మొత్తం పోయింది. ఫ్రేములను విడివిడి బొమ్మలుగా దాచుకుంటే ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టొచ్చట. మావాడు నేరుగా వీడియో ఫైలుగా పెట్టాడు. ఏ రోజు చిఠా ఆ రోజు రాయకుండా నెలాఖర్న రాద్దాంలే అనుకునే గుమాస్తాకు ఏమవుతుందో వాడికీ అదే అయింది. మా మిల్లులో అయితే ఎంత నష్టం వచ్చినా కనీసం తవుడైనా మిగిలేది.

చదువు ఇలా ఉంటే, ఊరికి దాని మీద ఉన్న నమ్మకం వేరు. ఒంగోలు నుంచి మా బావమరిది ఫోను. "అల్లుడూ, గృహప్రవేశానికి వీడియో కావాలి. ఒంగోలు గిత్తలు రెండు పరిగెత్తుకుంటా వచ్చి కొమ్ములతో తలుపు తోయాలి. తలుపు తెరుచుకుంటే మీ అత్తా నేనూ నమస్కారం పెడతా కనపడాలి. ఎల్లుండికి ఇస్తే చాలు." నాలుగు కాళ్ళ నడక ఇంకా మొదలుపెట్టలేదని మావాడు చెప్పబోయాడు. "చేసేది కంప్యూటరే కదా, నీకేంది కష్టం?" అన్నాడాయన. ఆ తర్వాత వాళ్ళ అక్కకు ఫోన్ చేసి, పిల్లోడిని బీఎడ్‌లో వేయకపోయారా అని అరగంట బాధపడ్డాడు. చివరికి ఫోన్‌లో ఏదో యాప్ ఆ వీడియోను ఐదు నిమిషాల్లో చేసి పెట్టింది. బంధువులంతా ఆహా అన్నారు. రెండో గిత్తకు ఐదు కాళ్ళున్నాయి. లెక్కపెట్టింది నేనొక్కణ్ణే. వృత్తి అలాంటిది.

వీడియో ప్రొడక్షన్ ప్రాజెక్టుకు మా ఆవిడ చేపల పులుసు ఎంపికైంది. మూడు నిమిషాల డాక్యుమెంటరీ కోసం మూడు రోజులు పొయ్యి వెలిగింది. మొదటి షాట్‌లో కంచంలో ఐదు ముక్కలు, తర్వాతి షాట్‌లో మూడు. కంటిన్యుటీ పోయిందని మార్కులు తగ్గించారు. ఆ రెండు ముక్కల గురించి నేనిక్కడ మాట్లాడదలచుకోలేదు. నెల్లూరులో పుట్టినవాడి ముందు, మామిడికాయ వేసిన పులుసు పెట్టి, లైటింగ్ సర్దుకునేదాకా ఆగమనడం మానవ హక్కుల విషయం.

అసలు ఫిర్యాదుకు వస్తాను. బస్తా. సగం నింపిన పిండి బస్తాకు ప్రాణం పోయడం ఈ చదువులో అందరూ చేసే పాఠమట. కళ్ళు గీయకూడదు, నోరు గీయకూడదు. అయినా అది సంతోషంగా ఉందో దిగులుగా ఉందో చూసేవాడికి తెలియాలి. నేను తడిసిన బస్తాలు చూశాను, చిరిగినవి చూశాను, తూకం తగ్గినవి రోజూ చూస్తాను. దిగులుపడ్డ బస్తా మాత్రం ఈ ముప్పై ఏళ్ళలో ఎదురుకాలేదు. దిగులంతా మా వాటాకే వచ్చింది.

పరిశీలన కోసమని మిల్లుకు వచ్చాడు. గేటు పక్కన స్టాండు పెట్టి, ఫోను బిగించి, దించుతున్న బస్తాలను తీయడం మొదలుపెట్టాడు. మా ఓనరు దూరం నుంచి చూసి, ఎవరో తనిఖీకి వచ్చారనుకుని రెండు రిజిస్టర్లు లోపలికి పంపించేశాడు. వచ్చింది గుమాస్తాగారి అబ్బాయేనని, బస్తాల మనోభావాలు తెలుసుకుంటున్నాడని చెప్పాక ఇంకా ఎక్కువ కంగారుపడ్డాడు.

నాలుగు రోజుల తర్వాత మావాడు తన బస్తాను తెచ్చి, మా హమాలీల ముఠాలో అందరికన్నా పెద్దాయనకు చూపించాడు. బస్తా గంతేసింది, దబ్బున పడింది.

"ఎట్టుంది తాతా?"

"బాగుంది అబ్బయా. లోపల బియ్యమే లేవు."

మావాడి మొహం చిన్నబోయింది. పెద్దాయన బీడీ పక్కన పెట్టి, నిజం బస్తా ఒకటి భుజం మీద నుంచి వదిలాడు. "చూడు. ముందు అడుగు ఆగుద్ది. తర్వాత కడుపు ఆగుద్ది. ఆఖర్న ఈ మూలల చెవులు ఆగుతాయి. నీ బస్తా అంతా ఒక్కసారే ఆగిపోయింది. అది రాయి, బస్తా కాదు."

"నాన్నా, ఇదే ఫాలో త్రూ! ఓవర్‌ల్యాపింగ్ యాక్షన్!" అని మావాడు గెంతాడు. ఆ పన్నెండు సూత్రాల్లో ఇదొకటట. సెమిస్టరు ఫీజు రసీదు ఇప్పటికీ నా జేబులోనే ఉంది. ఈ పాఠానికి పెద్దాయన తీసుకున్నది ఒక్క టీ. రెండింటికీ ఉన్న తేడాను ఏ పద్దు కింద రాయాలో సంబంధిత అధికారులు తెలియజేయాలి.

ఆ తర్వాత తొమ్మిది రాత్రులు ఒకే బస్తా. మార్కులెన్ని వచ్చాయో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. రెండోసారి చూసినప్పుడు పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. తెర మీద బస్తా పడబోతుంటే భుజం కాస్త వంచాడు.

నిన్న లోడు దించుతుంటే 140 దగ్గర నా లెక్క తప్పింది. ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి. "ఏం సార్, ఎన్నయినాయి?" అని లారీ డ్రైవరు అడిగాడు. చెవులు ఆగే దాకా చూస్తున్నానని ఎలా చెప్పను? మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టమన్నాను.