ముసుగు వేసుకున్న ప్రతివాడూ పిల్లల హీరో కాదు

వారం రోజులుగా మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. "సూపర్‌హీరో సినిమాలు పిల్లల కోసం తీసినవే. సెన్సారు వాళ్లు యూఏ ఇచ్చారంటే చూడొచ్చనే అర్థం. ఒక్క అసభ్య సీను ఉండదు, ఇంటిల్లిపాదీ చూడొచ్చు. మన పురాణాల్లో లేని హింసా? భయమేస్తే కళ్లు మూసుకుంటారు. పిల్లల్ని మరీ సుకుమారంగా పెంచకండి." ఇంచుమించు ఇదీ సంగతి. పంపింది మా చిన్నాన్న. కింద వరసగా బొటనవేళ్లు.

ఇవే మాటలు నమ్మి నేను ఒకసారి దెబ్బతిన్నాను కాబట్టి జవాబు రాస్తున్నాను. 2022లో ‘ద బ్యాట్‌మ్యాన్’ వచ్చినప్పుడు మా అక్క కొడుకుని, అప్పటికి వాడికి ఆరేళ్లు, గబ్బిలం బొమ్మ టీషర్టు వేసి మరీ తీసుకెళ్లాను. దాదాపు మూడు గంటల సినిమా. మొదలవడమే ఎవడో దూరంగా చీకట్లో నిలబడి, ఒక ఇంటి కిటికీలోంచి లోపలున్న తల్లినీ తండ్రినీ పిల్లాణ్ణీ చూస్తుంటాడు, వాడి ఊపిరి మనకి వినిపిస్తుంటుంది. కాసేపటికి ఆ తండ్రిని చంపేస్తాడు. అరగంట గడిచాక మావాడు నా చెవిలో "మామయ్యా, లైటు వెయ్యమని చెప్పవా" అన్నాడు. బయటికి తీసుకొచ్చేశాను. ఆ తర్వాత చాలా రోజులు పడుకోబోయే ముందు కర్టెన్లు సరిగ్గా వేశారో లేదో వాడే లేచి చూసుకునేవాడు. గబ్బిలం మనిషంటే వాడికి ఇప్పటికీ ఇష్టమే, భయమంతా కిటికీ అంటేనే.

సరే, ఫార్వర్డ్ దగ్గరికి వద్దాం. పిల్లల కోసమే తీశారన్న మాట 1960ల్లో అని ఉంటే నడిచేది. అమెరికాలో 1954లో కామిక్స్ కంపెనీలు ఏం చూపించకూడదో తమకు తామే కట్టడి పెట్టుకున్నాక ఆ బొమ్మల పుస్తకాలు చాలాకాలం పిల్లల సరుకుగానే ఉన్నాయి. 1986కి వచ్చేసరికి ఫ్రాంక్ మిల్లర్ అనే కామిక్స్ రచయిత వయసు మళ్లిన, కసి నిండిన బ్యాట్‌మ్యాన్‌ని రాశాడు, అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ అదే ఏడాది ‘వాచ్‌మెన్’ అనే సూపర్‌హీరో కామిక్ మొదలుపెట్టారు. ఇవి చిన్నప్పుడు కామిక్స్ చదివి పెద్దయినవాళ్ల కోసం రాసినవి. ఈనాటి చీకటి సినిమాలు చాలావరకు ఆ దారినే వచ్చాయి. ఇంకో తమాషా చెప్తాను. 1992లో ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’ వచ్చినప్పుడు మెక్‌డొనాల్డ్స్ పిల్లల మీల్స్‌తో పాటు ఆ బొమ్మలు ఇచ్చింది. బొమ్మ చూసి సినిమాకి వెళ్లిన పిల్లలకి అక్కడ కనపడింది నోట్లోంచి నల్లటి ద్రవం కారుతున్న పెంగ్విన్ మనిషి. తల్లిదండ్రులు గోల చేశారు, తర్వాతి సినిమాకి దర్శకుణ్ణే మార్చి 1995లో రంగురంగులుగా తీశారు. బొమ్మ అమ్మేవాడికి ఆరేళ్లవాడు కావాలి, సినిమా తీసేవాడికి ఇరవై ఆరేళ్లవాడు కావాలి, మధ్యలో మనం టీషర్టు చూసి టికెట్లు కొంటున్నాం.

యూఏ సంగతి. ఆ అక్షరాలకి చూడొచ్చని అర్థం ఎప్పుడూ లేదు. 1983లో పెట్టినప్పటి నుంచీ దాని అర్థం పన్నెండేళ్ల లోపు పిల్లల విషయం పెద్దలే ఆలోచించుకోవాలని, అంటే బంతి మన కోర్టులోకే నెట్టారు. 2023 చట్ట సవరణతో దాన్ని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు, ఇది మంచి పనే, కానీ ఆ అంకె సలహా మాత్రమే. లోపలికి రానివ్వకూడదన్న నియమం ‘ఏ’ సర్టిఫికెట్‌కే ఉంది. నేను మావాణ్ణి తీసుకెళ్లిన ఆ సినిమానే చూడండి: మన దగ్గర యూఏ, అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్ల లోపు వాళ్ల సంగతి తల్లిదండ్రులు చూసుకోవాలని), బ్రిటన్‌లో మాత్రం 15, అంటే అమ్మానాన్నా వెంట ఉన్నా పదిహేను నిండని వాళ్లని హాల్లోకి రానివ్వరు. 2008లో ఇంకో బ్యాట్‌మ్యాన్ సినిమా ‘ద డార్క్ నైట్’కి అక్కడ పెద్దవాళ్లు వెంట ఉంటే చిన్నపిల్లలూ రావచ్చని 12ఏ ఇస్తే, ఆ ఏడాది వాళ్ల బోర్డుకి అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు దాని మీదే వచ్చాయి. ఆ సినిమాలో రక్తం పెద్దగా కనపడదు, ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. రక్తం, బూతు, నగ్నత్వం లాంటివైతే లెక్కపెట్టొచ్చు. ఒకడు నవ్వుతూ ఇంకొకడి నోట్లో కత్తి పెట్టి కథ చెప్పడం మొదలుపెడితే ఆ టెన్షన్‌ని ఏ లెక్కలో వేస్తారు?

అసభ్య సీను లేదన్న ముక్కకి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన దగ్గర ఫ్యామిలీ సినిమా అంటే కొలత ఒక్కటే, నాన్న పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు తల దించుకోవాల్సి వస్తుందా లేదా అని. అది పెద్దవాళ్ల ఇబ్బంది. ఆరేళ్లవాడికి ముద్దు సీను వస్తే ఛీ అని నవ్వి మర్చిపోతాడు.

పురాణాల మాట మాత్రం నిజంగా జవాబు చెప్పాల్సిన మాట, ఎందుకంటే అందులో సగం నిజముంది. నరసింహుడు కడుపు చీలుస్తాడు, చందమామలో రాజు నెలనెలా శవాన్ని భుజానేసుకుని నడుస్తాడు, మనమంతా అవి వింటూ చదువుతూనే పెరిగాం. కానీ చందమామలో శంకర్ గారు వేసిన బొమ్మ చూసి పేజీ తిప్పడం మన చేతిలో ఉండేది. కీచకుడి కథ చెప్పేటప్పుడు మా అమ్మమ్మ ఎంత చెప్పిందో, ఎంత మింగేసిందో పెద్దయ్యాక భారతం చదివితేగానీ నాకు తెలియలేదు. ఆవిడే మా సెన్సారు. అంతకంటే పెద్ద తేడా కథలోనే ఉంది. హిరణ్యకశిపుణ్ణి చంపాక కూడా చల్లారని నరసింహుడి దగ్గరికి వెళ్లడానికి లక్ష్మీదేవి కూడా జంకితే, ప్రహ్లాదుడే వెళ్లి శాంతింపజేస్తాడు. వింటున్న పిల్లాడికి ఆ కథలో చోటుంది, భయానికి మందు తన వయసువాడి చేతిలోనే ఉంది. ‘ద డార్క్ నైట్’ చివర్లోనూ ఒక పిల్లాడున్నాడు. తండ్రి కళ్లముందే వాడి తలకి తుపాకీ పెడతారు, వాడు చెయ్యగలిగింది ఏమీ లేదు. బతికి బయటపడ్డాక, తప్పంతా నెత్తినేసుకుని పారిపోతున్న హీరోని చూసి, ఎందుకు పరిగెడుతున్నాడు, ఆయన తప్పేమీ చెయ్యలేదు కదా అని నాన్నని అడుగుతాడు. నాకు ఆ సీను చాలా ఇష్టం, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ తెరమీది పిల్లాడికే అర్థంకాని ముగింపు, పాప్‌కార్న్ పట్టుకుని నా పక్కన కూర్చున్నవాడికి ఎలా అర్థమవుతుంది?

కళ్లు మూసుకుంటారట! చెవులో? ఇవాళ్టి థియేటర్లలో కుర్చీ కూడా అదురుతుంది.

ఇక సుకుమారం. 1980ల్లో అమెరికాలో జోవాన్ కాంటర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు పిల్లల్ని టీవీలో ఏవి భయపెడుతున్నాయని ఆరా తీస్తే, బడికి వెళ్లని వయసు పిల్లల తల్లిదండ్రులు తరచుగా చెప్పిన పేరు ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’. విలన్ కాదు, హీరోనే! మెత్తటి మనిషి పచ్చటి భూతంగా మారిపోతుంటే, లోపల ఉన్నది అదే మంచివాడని ఆ వయసుకి అందదు, కనపడే ఆకారమే వాళ్లకి మనిషి. కాస్త పెద్దయ్యాక భూతాలు తేలిపోతాయి, నిజంగా జరగగలిగేవి భయపెడతాయి, దొంగ, కిడ్నాపు, కిటికీ అవతల నిలబడ్డవాడు. దీన్ని సుకుమారం అంటే ఎలా చిన్నాన్నా, అది వయసు.

అలాగని పిల్లలకి చావూ బాధా చూపించకూడదని నేననడం లేదు. 2018 స్పైడర్‌మ్యాన్ యానిమేషన్‌లో బాబాయి చనిపోతాడు, మావాడు ఏడ్చాడు, ఏడ్చాక మళ్లీ పెట్టమన్నాడు. చీకటి సినిమాలు తియ్యొద్దనీ అనను. అసలు మనం పిల్లల్ని తీసుకెళ్లేది చాలాసార్లు వాళ్ల కోసం కాదు, మనకి చూడాలనుంటుంది, వాళ్లని వదిలి వెళ్లడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. అది ఒప్పుకుంటే దారులున్నాయి: ఒకరు ముందు చూసి రావడమో, వంతులేసుకోవడమో, ఓటీటీకి వచ్చేదాకా ఆగడమో.

మావాడికి ఇప్పుడు తొమ్మిది దాటింది. మొన్న లెగో బ్యాట్‌మ్యాన్ కామెడీ యానిమేషన్ పెడితే పడీపడీ నవ్వాడు. అప్పుడు సగంలో లేచొచ్చిన సినిమా ఎప్పుడు చూపిస్తావని అడుగుతున్నాడు. పదమూడు నిండనీ అన్నాను. పన్నెండున్నరకి బేరమాడుతున్నాడు.