ఢీకొన్నప్పుడు బంతి ఎక్కడుంది?

సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లో రన్నరూ ఫీల్డరూ బేస్ (పరుగెత్తే రన్నర్ చేరాల్సిన గుర్తు) దగ్గర గుద్దుకున్నారంటే గొడవ ఖాయం. తిరుపతి తారకరామ స్టేడియంలో ఆడినా, చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో ఆడినా అంతే. "మా అమ్మాయిని తోసేసింది సార్" అని ఒక కోచ్, "మీ అమ్మాయే అడ్డం నిలబడింది" అని ఇంకో కోచ్. మధ్యలో అంపైర్‌గా నిలబడింది పక్క మండలం పీఈటీ. ఇద్దరూ తెలిసినవాళ్లే. ఆ ఒత్తిడిలో చూపు కిందపడిన పిల్ల మీదికి పోతుంది, జాలి అటే పోతుంది, నిర్ణయం కూడా అటే పోతుంది. స్కూలు పోటీల్లో అంపైరింగ్‌కు పట్టిన పెద్ద జబ్బు ఇదేనని నా అభిప్రాయం.

రూల్‌లో తిరకాసేమీ లేదు. బ్యాట్‌కు తగిలి వచ్చే బంతిని పట్టబోతున్న ఫీల్డర్‌దే దారి. రన్నరే పక్కకు తప్పుకోవాలి, తప్పుకోకుండా ఆమెకు అడ్డుపడితే ఇంటర్‌ఫియరెన్స్, రన్నర్ ఔట్. సహచరి విసిరిన బంతి కోసం ఫీల్డర్ ఎదురుచూస్తోందనుకోండి, అప్పుడు దారి రన్నర్‌ది. బంతి చేతిలో పడకముందే దారి మూస్తే అబ్‌స్ట్రక్షన్. అంటే అంపైర్ మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ క్షణాన బంతి ఎక్కడుంది?

ఇంకో సంగతి చాలామంది కోచ్‌లకే పట్టదు. అబ్‌స్ట్రక్షన్‌కు ఒళ్లు తగలాల్సిన పనే లేదు. అడ్డంగా నిలబడిన ఫీల్డర్‌ని చూసి రన్నర్ వేగం తగ్గించినా, చుట్టు తిరిగి వెళ్లినా అడ్డగించినట్టే. ఎగిరి గుద్దిన పిల్లకు బేస్ ఇచ్చి, జాగ్రత్తగా తప్పుకున్న పిల్లను ఔట్ అంటే, రేపటి నుంచి ఇద్దరూ గుద్దడమే నేర్చుకుంటారు.

క్రికెట్ చూసి పెరిగిన మన కళ్లు ఇక్కడ మనల్ని దారి తప్పిస్తాయి. క్రికెట్‌లో ఫీల్డింగ్‌ని అడ్డుకున్నందుకు ఔటివ్వాలంటే బ్యాటర్ కావాలనే అడ్డొచ్చి ఉండాలి. 2006లో పెషావర్ వన్డేలో రైనా విసిరిన బంతిని ఇంజమామ్ క్రీజు బయట నిలబడి బ్యాట్‌తో ఆపేసి అలాగే ఔటయ్యాడు. అబ్‌స్ట్రక్షన్‌లో మాత్రం ఫీల్డర్ మనసులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. "కావాలని చెయ్యలేదు సార్" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. ఇది కఠినంగా అనిపించొచ్చు, కానీ నాకు న్యాయంగానే కనిపిస్తుంది. మనసు చదవడం అంపైర్‌కు చేతకాదు, కాళ్లు ఎక్కడున్నాయో చూడడం చేతనవుతుంది.

సాఫ్ట్‌బాల్‌కు అన్నలాంటి బేస్‌బాల్‌లో దీనికి 2013 వరల్డ్ సిరీస్ (అమెరికా మేజర్ లీగ్ ఫైనల్ పోరు) మూడో మ్యాచ్‌ని మించిన ఉదాహరణ లేదు. అక్టోబరు 26, సెయింట్ లూయిస్. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 4-4. మూడో బేస్‌కు వచ్చిన త్రో కోసం బోస్టన్ ఫీల్డర్ మిడిల్‌బ్రుక్స్ డైవ్ చేశాడు. బంతి దాటిపోయింది, అతను బోర్లా పడి ఉన్నాడు. లేచి హోమ్‌కు, అంటే పరుగు పూర్తయ్యే చివరి బేస్‌కు, పరుగెత్తబోయిన సెయింట్ లూయిస్ కార్డినల్స్ రన్నర్ ఆలెన్ క్రెయిగ్ అతని మీద తట్టుకుని తూలాడు. హోమ్ దగ్గర ట్యాగ్ (బంతితో రన్నర్‌ని తాకి ఔట్ చేయడం) పడింది కూడా. కానీ మూడో బేస్ అంపైర్ జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ ఇచ్చేశాడు. క్రెయిగ్ పరుగు లెక్కకొచ్చి కార్డినల్స్ 5-4తో గెలిచారు. మిడిల్‌బ్రుక్స్ కావాలని చేశాడని జాయిస్ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. బంతి దాటిపోయాక అక్కడ పడి ఉన్న ఫీల్డర్‌కు దారి మీద హక్కు లేదు, అంతే. వరల్డ్ సిరీస్ మ్యాచ్ చివరి పరుగు అని జంకకుండా చెయ్యి చూపించడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

దెబ్బల సంగతీ తక్కువది కాదు. 2011 మేలో హోమ్ దగ్గర ఢీకొని జెయింట్స్ జట్టు క్యాచర్ (హోమ్ వెనక బంతి పట్టే ఆటగాడు) బస్టర్ పోజీ కాలు విరిగింది, ఆ సీజన్ పోయింది. 2014కు మేజర్ లీగ్ హోమ్ దగ్గర ఢీకొట్టడాన్ని కట్టడి చేస్తూ రూల్ తెచ్చింది. 2015లో రెండో బేస్ దగ్గర రన్నర్ చేజ్ అట్లీ స్లైడ్‌కు (నేల మీద జారుతూ బేస్ చేరడం) ఫీల్డర్ రూబెన్ తెహాడా కాలు విరిగాక, 2016లో స్లైడ్‌కీ రూల్ వచ్చింది. అంత జాగ్రత్తలున్న ఆటగాళ్లకే అలా అయితే, గట్టి నేల మీద ఆడే పద్నాలుగేళ్ల పిల్లల మాటేమిటి?

నిజంగా కష్టమైంది ఆ తర్వాతి భాగం. సాఫ్ట్‌బాల్‌లో అబ్‌స్ట్రక్షన్ చూసిన అంపైర్ ఎడమ చెయ్యి పక్కకు చాచి, ఆటను సాగనివ్వాలి. ఆట ఆగాక, అడ్డు లేకపోతే రన్నర్ ఏ బేస్ దాకా చేరేదో ఊహించి ఆ బేస్ ఇవ్వాలి. ఇక్కడ ఇద్దరు మంచి అంపైర్లు వేరువేరుగా చెప్పొచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా ఆ చెయ్యి సమయానికి లేవకపోవడం మీదే. ఆట అయిపోయి కోచ్‌లు అరిచాక ఇచ్చిన నిర్ణయం సరైనదే అయినా ఎవరూ నమ్మరు.

ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) జిల్లా ఎంపికలకు ముందు పీఈటీలందరినీ అరపూట మైదానంలో నిలబెట్టి, రన్నర్‌నీ ఫీల్డర్‌నీ పరుగెత్తించి, కేవలం ఈ చెయ్యి చాచడమే సాధన చేయించాలి. హోమ్ దగ్గర ఒకరు, బేస్‌ల దగ్గర ఒకరు చొప్పున ప్రతి మ్యాచ్‌కూ కనీసం ఇద్దరు అంపైర్లుండాలి. ఒక్కరే ఉంటే బంతి వెంట చూసేసరికి మూడో బేస్ దగ్గర ఎవరు ఎవరికి అడ్డొచ్చారో కనిపించదు. ఆ పోటీల్లో వచ్చే సర్టిఫికెట్ మీద స్పోర్ట్స్ కోటా సీటు ఆశ పెట్టుకున్న పిల్లలున్నారు.