ర్యాంకు లెక్క అక్కడ నడవదు

2023లో అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని తీర్పిచ్చింది కాబట్టి ఇక హార్వర్డ్‌లో మన పిల్లలకు స్కోరే సీటు తెస్తుందని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. అంత సీను లేదండీ.

హార్వర్డ్‌పై నడిచిన ఆ కేసులో బయటపడిన పద్ధతి చూడండి. దరఖాస్తు చదివే ఆఫీసరు చదువుకు, ఆటలకు, ఇతర వ్యాపకాలకు, 'వ్యక్తిత్వానికి' విడివిడిగా 1 నుంచి 6 దాకా అంకె వేస్తారు. 1 అంటే అందరికన్నా మేలు. చదువులో ఆసియా సంతతి పిల్లలది పైచేయి. వ్యక్తిత్వం దగ్గరికొచ్చేసరికి సగటున తెల్లవాళ్ల కన్నా వెనకే. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన పూర్వ విద్యార్థులు మాత్రం అంత తేడా చూపలేదు. మొహం చూడనివాళ్లకే లోపం కనిపించిందన్నమాట! కింది కోర్టులు ఇందులో కావాలని చేసిన వివక్ష లేదన్నాయి. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

పైగా ఆ వ్యక్తిత్వపు అంకెను తీర్పు రద్దు చేయలేదు. పూర్వ విద్యార్థుల పిల్లలకు, దాతల పిల్లలకు దొరికే మొగ్గునూ ముట్టుకోలేదు. జాతి వల్ల తన జీవితంలో ఏం జరిగిందో విద్యార్థి దరఖాస్తుతో పంపే వ్యాసంలో రాసుకోవచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పులోనే చెప్పారు.

అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్ లాంటి స్కోర్లు మళ్లీ తప్పనిసరి అయిన మాట నిజమే, ఎంఐటీలో 2022లో, హార్వర్డ్‌లో 2024లో ఆ ప్రకటన వచ్చింది. కానీ అది ఎంసెట్ కాదు కదా, ర్యాంకు చూసి వరసగా సీట్లు పంచడానికి! 1600కి 1580 తెచ్చుకున్నవాళ్లకూ అక్కడ 'సారీ' అనే ఈమెయిల్ వస్తుంటుంది. న్యూజెర్సీలో కోచింగ్‌కు డబ్బు కట్టే మన తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే చెప్పాలి.