సవరణ: బ్లాక్ రాబిన్ గుడ్ల సంగతి

న్యూజిలాండ్‌లోని చాతమ్ దీవుల బ్లాక్ రాబిన్ పిట్టల గురించి మొన్న రాస్తూ, మనుషుల సాయం వల్ల వాటికి గూటి అంచున గుడ్లు పెట్టే లోపం శాశ్వతంగా స్థిరపడిపోయిందన్నాను. అది తప్పు.

1980లో మిగిలినవి ఐదే పిట్టలు, గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తున్న ఆడపిట్ట ఒక్కటే. ఒక్క గుడ్డు పోయినా టెన్షనే. అందుకే అంచున ఉన్న గుడ్లను సంరక్షణ సిబ్బంది గూటి మధ్యలోకి జరిపేవారు. జరపకపోతే ఆ గుడ్లు పిల్లలు కావు. అలా ఆ లోపమున్న పిట్టల సంతతీ బతికి, 1989 నాటికి సగానికి పైగా ఆడపిట్టలు అలాగే పెట్టాయి. ఇంతవరకు సరే. ఆ తర్వాత జరపడం ఆపేశారు, లోపం బాగా తగ్గింది. 2013లో వచ్చిన పరిశోధన పత్రంలోనే ఈ మాట ఉంది. నేను సగం చదివి రాశాను.

ఇంకొకటి, అసలు జోక్యమే వద్దని నేననలేదు. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ పిట్టలు అంతరించిపోయేవేమో. ఎప్పుడు ఆపాలన్నదే నా ప్రశ్న.